మధ్య పువ్వు

మొన్న ఆదివారం మా మనవరాలు సింధు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోను ఎదురుగా మంచినీళ్ళ గ్లాసుకి ఆనించి పెట్టుకుని, వేలికి ఊలు దారం చుట్టుకుంటూ విప్పుకుంటూ అవస్థ పడుతోంది. ఆఫీసులో ఎవరో స్నేహితురాలికి పాప పుట్టిందట, టోపీ అల్లి ఇస్తుందట. ఫోనులో ఒక అమ్మాయి గోళ్ళకి రంగు వేసుకుని అదే పని తడుముకోకుండా చేసి చూపిస్తోంది. ఆ అమ్మాయి చేతిలో దారం చెప్పిన మాట వింటోంది, మా పిల్ల చేతిలో జారిపోతోంది. "మ్యాజిక్ రింగ్ అంటారు అమ్మమ్మా, కొత్త టెక్నిక్. గుండ్రంగా అల్లేవి మామూలుగా మొదలెడితే మధ్యలో చిల్లు మిగిలిపోతుందిట. ఇలా మొదలెడితే అస్సలు ఉండదుట" అంది. నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, దాని చేతిలో కొక్కెం సూది లాక్కున్నాను. ఎడమచేతి చూపుడువేలికి దారం రెండు చుట్లు చుట్టి, ఆ చుట్ల కిందనుంచి సూది దూర్చి దారం పైకి లాగి, ఆ చుట్లలోనే చుట్టూ కుట్లు వేసుకుంటూ వచ్చి, వేలు తప్పించి కొస లాగాను. టక్కున మూసుకుంది. ఎన్నేళ్ళయిందో సూది పట్టుకుని, అయినా వేలు మరిచిపోలేదు. సింధు నోరు తెరుచుకుని చూసి, "నీకు క్రోషే వచ్చా? ఎప్పుడూ చెప్పలేదేంటి? చిన్నప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు అల్లేదానివా?" అంది.

ఈ వయసులో కోపం తెచ్చుకోకూడదని డాక్టరుగారు చెప్పారు. అయినా వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఆ మాట మీద. ఖాళీగా ఉన్నప్పుడు! మా పాలకొల్లు చుట్టుపక్కల ఏ వీధి వసారాలో చూసినా ఆడవాళ్ళు తల వంచుకుని తెల్లదారంతో లేసు అల్లుతూ ఉండేవారు. కళ్ళు పోగొట్టుకున్నారు, మెడలు పట్టేశాయి, సూది కొక్కెం గుచ్చుకుని వేళ్ళు కాయలు కాశాయి. ఆ లేసు ఓడలెక్కి దేశాలు దాటింది. అల్లినవాళ్ళ గురించి ఎవరు అడిగినా ఒకటే జవాబు: ఆడవాళ్ళు కదండీ, ఖాళీగా కూర్చోలేక ఏదో కాలక్షేపానికి అల్లుకుంటారు. మా నాన్న కూడా సరిగ్గా ఈ మాటే అనేవాడు. మా సుభద్రత్తయ్యకి కాలక్షేపమనేది ఉండగా నేను చూడలేదు. ఆవిడ గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోవడం నాదే పొరపాటని ఎవరైనా అంటే అననివ్వండి, నేను మాత్రం ఒప్పుకోను. అడిగినవాళ్ళెవరు?

బజారు వీధిలో మాది ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టులో అడుగుపెడితే బెల్లం, ఇంగువ, ఎండు మిరపకాయలు, తడిసిన గోనెసంచులు అన్నీ కలిసిన ఒక వాసన ముక్కుకి తగిలేది. ఆ వాసన మా బట్టలకి, మా పుస్తకాలకి, మా జడలకి కూడా ఉండేది. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల నన్ను ఇంగువడబ్బా అని పిలిచేది. నడవ దాటి, వంటిల్లు దాటి, వెనక వసారాలోకి వచ్చేసరికి మాత్రం ఏ వాసనా ఉండేది కాదు. అది అత్తయ్య రాజ్యం. అక్కడికి రావాలంటే నూతి దగ్గర కుంకుడురసంతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గాలికి ఆరబెట్టుకుని రావాలి. పైటకి తుడుచుకున్నా ఆవిడకి తెలిసిపోయేది. "పైటకి పోపు వాసనే, మళ్ళీ కడుక్కురా" అనేది. దారం కండెలు మూత బిగుతుగా ఉండే బిస్కెట్ల డబ్బాలో, ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టి ఉండేవి. వానాకాలంలో ఆ డబ్బాకి నా కంటే ఎక్కువ మర్యాద జరిగేది.

అత్తయ్య నాన్నకి అక్కయ్య. పెళ్ళయిన కొద్దికాలానికే మావయ్య పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. ఆవిడ ఒంటి మీద పసుపు నేనెప్పుడూ చూడలేదు, మా ఇళ్ళలో అలాంటివాళ్ళకి పసుపు లేదు. లేసు తెల్లదారానికి పసుపు అంత శత్రువు ఇంకోటి లేదు. ముత్తయిదువల చేతులు ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో పసుపు ఉండిపోయి, అల్లిన పువ్వు అంచున చిన్న మరక వేసేది, ఆ మరక సోడాలో ఉడకేసినా పోయేది కాదు. మా వీధిలో ఏ మచ్చా లేని పువ్వులు అత్తయ్యవే. ఒకసారి పేరంటానికి వచ్చిన ఎవరో ఆవిడ ఆ తెలుపు చూసి, "ఎంత మల్లెపువ్వులా ఉందో!" అని మెచ్చుకుంటే, అత్తయ్య తల ఎత్తకుండా, "పసుపు తీసేసిన చేతులు కదండీ, దేనికో ఒకదానికి పనికి రావాలిగా" అంది. ఆవిడ గతుక్కుమని తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయింది. మామ్మ, అంటే నాన్న వాళ్ళ అమ్మ, ఆ పూటంతా అత్తయ్యతో మాట్లాడలేదు.

మామ్మ చెడ్డమనిషి కాదు. ప్రతిదానికీ ఒక శకునం, ప్రతి వస్తువుకీ ఒక పొదుపు ఉండేవి ఆవిడకి. పొట్లాలకి కట్టగా మిగిలిన పురికొస ముక్కలు ఏరి ఉండ చుట్టేది. అగ్గిపుల్ల సగం కాలితే ఆర్పి దాచేది. నాన్న కూడా చెడ్డమనిషి కాదు. ఆయన్ని కరవడానికి వచ్చిన కుక్కతో కూడా 'అండీ' అని మాట్లాడతాడని అమ్మ నవ్వేది. కానీ ఆయనకి బజారంటే భయం. రంగయ్యగారి అక్కగారు కూలికి లేసు అల్లుతున్నారట అని బజారులో అనుకుంటే ఆయన తలెత్తుకోలేడు. అందుకని అత్తయ్య లేసు పెరటి గుమ్మంలోంచి పక్కింటివాళ్ళ చేతికి వెళ్ళేది, వాళ్ళ పేరు మీదే ఏజెంటుకి చేరేది. ఇంటికొచ్చినవాళ్ళు చూసి అడిగితే, కాలక్షేపమండీ అని నాన్న నవ్వేవాడు. అత్తయ్య సూది ఆ క్షణంలో ఒక్కసారి ఆగేది, మళ్ళీ కదిలేది.

గుండ్రంగా అల్లే పువ్వు ఎలా మొదలెట్టాలన్నది వినేవాళ్ళకి చిన్న సంగతిలా ఉంటుంది. మా వీధిలో అది ఆచారం. అందరూ గొలుసుతోనే మొదలెట్టేవారు. ఎనిమిది గొలుసులు అల్లి, చివరిదాన్ని మొదటిదానికి కలిపితే చిన్న వలయం వస్తుంది, ఆ వలయంలోంచి చుట్టూ కుట్లు వేసుకుంటూ పోతారు. ముడి గట్టిగా ఉంటుంది, ఎన్నిసార్లు ఉతికినా ఏమీ కాదు, కానీ మధ్యలో చిల్లు మిగులుతుంది. దాన్ని బొడ్డు అనేవారు. కొంచెం నేర్పున్నవాళ్ళు రెండే గొలుసులు అల్లి, మొదటి గొలుసు కంట్లోనే కుట్లన్నీ ఇరికించేవారు. బొడ్డు చిన్నదవుతుంది గానీ పూర్తిగా పోదు, పైగా అంత ఇరుకులో కుట్లు ఒకదానిమీదొకటి ఎక్కి పువ్వు డొప్పలా లేస్తుంది. అత్తయ్య ఈ రెండూ చేసేది కాదు. వేలికి రెండు చుట్లు చుట్టి, ఆ చుట్లలో కుట్లు వేసి, చివరికి కొస లాగి బొడ్డు మూసేసేది. వీధిలో ఎవరికీ ఇది నచ్చలేదు. ముడి లేని మొదలేంటి, ఉతికితే విప్పుకుపోదూ అనేవారు. మామ్మకి ఇంకో భయం. "ఉచ్చు వేసి పని మొదలెట్టడమేంటే సుభద్రా? ఉచ్చు శుభమా? గొలుసుతో మొదలెట్టరాదూ, లక్షణంగా?" అనేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదు అన్నారు కదా, మరి ఫోనులో అమ్మాయి చేస్తే మ్యాజిక్!

ఇది ఎవరు నేర్పారత్తయ్యా అని ఒకసారి అడిగాను. "ఎవరు నేర్పుతారే? మన కొట్టే నేర్పింది" అంది. పెళ్ళికి ముందు, చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వాళ్ళ నాన్న పక్కన కొట్టులో కూర్చునేదట. ఆయన పంచదార సంచి మూతి కట్టేటప్పుడు పురికొస వేలికి చుట్టి, సంచి మూతి చుట్టూ తిప్పి, కొస లాగితే మూతి మొత్తం ముడుచుకుని ఒక్క పలుకు కూడా కారేది కాదట. "సంచి మూతికి ముడి ఎక్కడుంటుందో చూశావా? బయట ఉండదు. లాగిన కొసలో ఉంటుంది. కొస సరిగ్గా దాచావా, ఏనుగు లాగినా రాదు. కొస వదిలేశావా, ఈగ వాలినా విప్పుకుంటుంది" అంది. ఆవిడ కొసని నాలుగు వేళ్ళ పొడుగు ఉంచేది. పువ్వులన్నీ అయ్యాక, మామూలు సూదికి ఆ కొస ఎక్కించి, బొడ్డు చుట్టూ కుట్ల అడుగున సగం దూరం ఒక వైపు నడిపి, అక్కణ్ణించి వెనక్కి తిప్పి కుట్టి, అప్పుడు కత్తిరించేది. ఆ వెనక్కి తిప్పడంలోనే ఉంది కిటుకంతా.

నేను తొమ్మిదో తరగతి ప్యాసయిన వేసవిలో పెద్దమనిషినయ్యాను. బళ్ళు తెరిచారు. నా సంచి మేకుకి వేలాడుతూనే ఉంది. "తొమ్మిది చాలండీ ఆడపిల్లకి" అని నాన్న ఎవరితోనో అంటుంటే తలుపు చాటునుంచి విన్నాను. మామ్మ వెంటనే, "తిరిగి ఆడది చెడె, తిరగక మగవాడు చెడె అని ఊరికే అన్నారా?" అంది. నాకు లెక్కలంటే ప్రాణం. ఆ సంచి వైపు చూస్తే ఏడుపొచ్చేది, చూడకపోతే ఇంకా ఎక్కువ వచ్చేది. అత్తయ్య నన్ను ఓదార్చలేదు. ఒక సూది చేతికిచ్చి, "ఏడిస్తే దారం తడుస్తుంది, ముందు అల్లు" అంది. గర్ల్స్ హైస్కూలు హెడ్మిస్ట్రెస్ గారు శ్రావణమాసం మొదట్లో కబురు పంపారు: మీ రత్నం వచ్చే సోమవారానికల్లా రాకపోతే పేరు కొట్టేస్తాం, పదో తరగతి ఇక లేనట్టే.

సరిగ్గా అప్పుడే లేసు ఏజెంటు సూరిబాబుగారు మా ఇంటికొచ్చాడు. పెరటి గుమ్మంలోంచి కాదు, కొట్టులోంచే. బజారులో నలుగురూ లేచి నమస్కారం పెట్టే మనిషి. చేతిలో ఒక నమూనా ఉంది. బయటి దేశంవాళ్ళు పంపారట, గుండ్రటి టేబుల్ కవరు. మధ్యలో పెద్ద పువ్వు, దాని చుట్టూ వరసలు వరసలుగా చిన్న పువ్వులు, ఏ పువ్వుకీ బొడ్డు లేదు. "వీధులన్నీ తిరిగానండి రంగయ్యగారూ. ఎవరిని అడిగినా గొలుసుతోనే మొదలెడుతున్నారు. ఈ మొదలు వచ్చింది మీ అక్కగారికి ఒక్కరికేనటండి" అన్నాడు. నాన్న మొహం కందిపోయింది. "అబ్బే, మా అక్కయ్య ఏదో కాలక్షేపానికండీ..." అని నసుగుతుండగా, నడవలో తలుపు వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"చేస్తానని చెప్పు తమ్ముడూ. నాకు ఇంకేమీ వద్దు. పిల్లని బడికి పంపించు."

కొట్టులో ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా అటు తిరిగారు. సూరిబాబుగారు నాన్న వైపు చూశాడు. నాన్న కుక్కిన పేనులా ఒదిగి, "పని నెగ్గనీ అక్కయ్యా, అలాగే పంపిద్దాం" అన్నాడు. సూరిబాబుగారు వ్యాపారస్తుడు, ఆయన షరతు ఆయన పెట్టాడు: "ఒకసారి ఉడకేసి ఉతికాక ఒక్క పువ్వు కూడా విప్పుకోకూడదండి. విప్పుకుంటే నేను తీసుకోనండి. ఆదివారం సాయంత్రం వస్తాను" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా మా వసారాలో ఇదే పని. వానకి చూరు కారుతుంటే దాని కింద గిన్నె పెట్టుకుని అల్లాం. నా పువ్వులు మొదట్లో కొంచెం వదులుగా వచ్చాయి, అత్తయ్య కొన్ని విప్పించింది, తరవాత విప్పించలేదు. గురువారానికి పువ్వులన్నీ ఒక చాపమీద పరిచి ఉన్నాయి, ఒక్కొక్కదానికీ నాలుగు వేళ్ళ కొస వేలాడుతూ. పొద్దున్నే కొసలు దాచడం మొదలుపెడదామని చెప్పి అత్తయ్య వాటిమీద గుడ్డ కప్పింది.

శుక్రవారం పొద్దున్న మేమిద్దరం స్నానాలు చేసి వచ్చేసరికి గుడ్డ తీసి ఉంది. కొసలు లేవు. ఒక్కదానికీ లేవు. మొదలంటా కత్తిరించి ఉన్నాయి. మామ్మ పెరట్లో తులసికోట ముందు కూర్చుని వత్తులు చేస్తోంది. పక్కన ప్రమిదలో ఒక దీపం అప్పుడే వెలుగుతోంది. మమ్మల్ని చూసి తృప్తిగా నవ్వి, "ఎన్ని దారాలు వృథాగా వేలాడుతున్నాయే! మంచి నూలు. ఉచ్చు తోకలు అలా వేలాడకూడదు, పిల్ల చదువుకి అడ్డు. తీసేసి దీపం పెట్టాను. పిల్ల బడికెళ్ళాలని మొక్కుకున్నాను కూడా" అంది.

నేను చాప మీద కూలబడ్డాను. నా బడి తులసికోట ముందు చక్కగా వెలుగుతోంది. అత్తయ్య ఒక పువ్వు తీసుకుని మధ్యలో చిటికెనవేలు పెట్టి నెమ్మదిగా నొక్కింది. బొడ్డు తెరుచుకుంది. ఇంకా నొక్కితే చుట్ల దారం జారి బయటికి వచ్చేసింది. నాన్న కూడా వచ్చి చూశాడు. ఆయన మొహంలో బాధ ఉంది, దాని వెనక కాస్త ఊరట కూడా ఉంది. ఆ ఊరటని నేను ఇప్పటికీ క్షమించలేదు. "పోనీలే అక్కయ్యా, దైవం అలా ఉంది. సూరిబాబుగారికి నేను చెబుతాను" అన్నాడు.

"దైవం కాదు తమ్ముడూ, కత్తెర. దైవాన్ని కత్తెర దగ్గరికి తీసుకురాకు" అంది అత్తయ్య. మామూలు సూదిలోకి కొత్త దారం ఎక్కించి, విప్పుకున్న బొడ్డు చుట్టూ మొదటి వరస కుట్ల అడుగులు ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ పోయి, రెండోసారి కూడా అలాగే చుట్టి, లాగింది. సంచి మూతిలాగే మూసుకుంది. సగం దూరం నడిపి, వెనక్కి తిప్పి కుట్టింది. "చూశావుగా? ఇంక మిగతావాటి చుట్లు కూడా లాగెయ్. సగం పట్టుకుని వేలాడేది మనకొద్దు, అన్నీ విప్పి మళ్ళీ మూద్దాం" అంది. చాప నిండా పువ్వులు, మేమిద్దరం, ఆదివారం వస్తున్న మనిషి. నేను లెక్క కట్టాను. నాకు లెక్కలు వచ్చు కదా. సరిపోదు.

అప్పుడు అమ్మ వచ్చింది. మా అమ్మ ఎప్పుడూ పెద్దగా మాట్లాడేది కాదు, అందుకే ఇంతవరకూ ఆవిడ సంగతి ఎక్కువగా చెప్పడానికి రాలేదు. అది శ్రావణ శుక్రవారం. తలంటు పోసుకుని, కాళ్ళకీ చేతులకీ నిండా పసుపు రాసుకుని, పూజకి పీట వాల్చుకుంది. మా వైపు ఒకసారి చూసి, నూతి దగ్గరికి వెళ్ళింది. చింతపండు, ముగ్గు కలిపి చేతులు తోమడం మొదలుపెట్టింది. గోళ్ళ సందులు కొబ్బరి పీచుతో రుద్దింది. ఎర్రగా, తోలు లేచిపోతుందేమో అన్నట్టు తోముకుంది. మామ్మ అరుగు మీద నుంచి కెవ్వుమంది. "ముత్తయిదువవే! శ్రావణ శుక్రవారం పూట పసుపు కడుక్కుంటావా?" అంది. అమ్మ చేతులు ఎత్తి గాలికి ఆరబెట్టుకుంటూ, "కాళ్ళకి ఉందిగా అత్తయ్యగారూ. చేతులు నా కూతురికి కావాలి" అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా చేతులు దించలేదు. వచ్చి మా పక్కన చాప మీద కూర్చుని, "నాకు ఎలాగో చూపించు వదినా" అంది. మామ్మ చాలాసేపు గొణిగింది. తరవాత తను కత్తిరించిన దారాల్లో వత్తులు చేయని వాటిని ఏరి తెచ్చి మా ముందు పెట్టింది. అవి దేనికీ పనికిరావు, జానెడు కూడా లేవు. అయినా అత్తయ్య వాటిని తీసుకుని డబ్బాలో పెట్టుకుంది.

శనివారం మధ్యాహ్నానికి అయిపోయాయి. పెరట్లో రాగి కాగులో సోడా వేసి, నీళ్ళు తెర్లుతుండగా పువ్వులన్నీ పల్చటి గుడ్డలో మూటకట్టి అత్తయ్య అందులో వేసింది. నాన్న కూడా కొట్టు వదిలి వచ్చి నిలబడ్డాడు. ఉడికినంతసేపు ఉడికాక తీసి, చల్లనీళ్ళలో జాడించి, మూట విప్పింది. ఒక్కొక్క పువ్వూ తీసి మధ్యలో చిటికెనవేలు పెట్టి నొక్కింది. ఒక్కటీ తెరుచుకోలేదు. వాన పడుతూనే ఉంది కనక, కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి దానిమీద ఆరేశాం. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు నేను నాన్న మొహం వైపే చూస్తున్నాను. ఆయన మజ్జిగ పోసుకుంటూ, "శ్రావణం వెళ్ళనీ, చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో 'చూద్దాం' అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. పట్టులంగా అడిగితే చూద్దాం, అన్నవరం వెళ్దామంటే చూద్దాం. అత్తయ్య కూడా ఆ మాట వింది.

ఆదివారం పొద్దున్నుంచి ఆవిడ పువ్వులు ఒకదానికొకటి అతుకుతూ కూర్చుంది. అతుకుపని ఆవిడే చేస్తానంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం సూరిబాబుగారు వచ్చాడు. నాన్న లోపలికి తొంగి చూసి, కవరు తెమ్మని నన్ను పిలిచాడు. అత్తయ్య నన్ను పక్కకి తప్పించి, తనే నడవ దాటి కొట్టులోకి నడిచింది. నాకు తెలిసి, పుట్టింటికి తిరిగి వచ్చాక ఆవిడ ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి. కొట్టులో బెల్లం కొంటున్నవాళ్ళు తప్పుకున్నారు. బియ్యం బస్తా మీద ఉతికిన పంచె పరిచి, దానిమీద కవరు విప్పింది. తెల్లగా, గుండ్రంగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. నట్టనడుమ మాత్రం అరచేయంత ఖాళీ ఉంది. పెద్ద పువ్వు లేదు.

"ఇదేంటండీ, అసలైనది పెట్టలేదేంటి?" అన్నాడు సూరిబాబుగారు కంగారుగా.

"పువ్వు అయిందండీ" అని అత్తయ్య పిడికిలి విప్పి చూపించింది. "గుండ్రటి దానికి మొదలే ప్రాణమండీ, మొదలు సరిగ్గా లేకపోతే మిగతాదంతా ఎంత అల్లినా దండగే. పని నెగ్గితే పిల్లని బడికి పంపుతానని మా తమ్ముడు మీ ముందే అన్నాడు. పని నెగ్గింది. వీడేమో చూద్దామంటున్నాడు. రత్నం రేపు బళ్ళో బెంచీ మీద కూర్చున్నాక ఈ పువ్వు అతుకుతాను. లేదంటే నాతోనే ఉంచుకుంటాను. నాకు తొందరేం లేదు, నాది కాలక్షేపమే కదా!"

కొట్టులో ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న తలొంచుకున్నాడు. మామ్మ నడవ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏదో శకునం చెబుతుందనుకున్నాను. "మొక్కుకున్నాను రా రంగా, పంపించెయ్యి. దీపం పెట్టి అబద్ధమాడితే నాకు పాపం" అంది. మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని బడికి నడిచాడు. దారి పొడుగునా తలెత్తలేదు. హెడ్మిస్ట్రెస్ గారి గదిలో మాత్రం, "మా అమ్మాయికి లెక్కలు బాగా వస్తాయండి" అన్నాడు. నేను సాయంత్రం ఇంటికొచ్చి, బెంచీ మీద కూర్చున్నానని చెప్పాక, అత్తయ్య సూది తీసింది.

ఆ కవరు ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచారో నాకు తెలియదు. దాని మీద మా అత్తయ్య పేరు లేదు, మా అమ్మ ఎర్రబడ్డ వేళ్ళ సంగతి అసలే లేదు. తరవాత నేను లెక్కల టీచరునై, రిటైరయ్యేదాకా ఆడపిల్లలకి వృత్తాలూ వ్యాసార్ధాలూ చెప్పాను. అత్తయ్య ఆ తరవాత తన లేసు కొట్టులోంచే పంపింది, పెరటి గుమ్మంలోంచి ఇక పంపలేదు. చనిపోయేదాకా అల్లింది. ఆవిడ ఫోటో కూడా ఒకటి లేదు నా దగ్గర. ఇప్పుడు మా సింధుని ఎవరూ బడి మాన్పించలేదు, దాని చేతుల మీద పసుపు ఉందో లేదో ఎవరూ చూడరు. అది వారమంతా కంప్యూటరు ముందు పనిచేసి, ఆదివారం సరదాకి టోపీ అల్లుకుంటుంది. అల్లుకోనీ, నాకు సంతోషమే. అది దాని ఖాళీ. ఆ మాట తీసుకొచ్చి మా వసారా మీద వేస్తే మాత్రం ఊరుకోను.

ఇదంతా చెప్పడం అయ్యేసరికి కాఫీ చల్లారిపోయింది. సింధు నా దగ్గర సూది తీసుకుని, వేలికి రెండు చుట్లు చుట్టి, ఈసారి తడబడకుండా మొదటి వరస పూర్తి చేసి కొస లాగింది. మధ్యలో చిల్లు లేదు. మురిసిపోయి వెలుతురుకి ఎత్తి చూసుకుంది. వేలాడుతున్న కొస అడ్డంగా కనిపించినట్టుంది, బల్ల మీద కత్తెర అందుకుంది.

నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"ముందు వెనక్కి తిప్పి కుట్టు. వత్తులు బజార్లో దొరుకుతాయి."